పరీక్ష గదిలో గొలుసు ప్రార్థన

జ్ఞానానికి ఊటయైన దేవునికి స్తోత్రం. వేళ్ళకు పనినీ, బుద్ధికి ప్రశ్ననూ, భయపడే గుండెకు తోడునూ ఇచ్చేవాడు ఆయన. మూసిన తలుపు ముందు నన్ను నిలబెట్టింది ఆయనే, అక్కడినుంచి పారిపోనివ్వనిదీ ఆయనే. మా ఇంట్లో ఏ సంగతి చెప్పాలన్నా ముందు ఆయనకు చెందవలసింది ఆయనకు చెల్లించి మొదలుపెడతాం. చెల్లించాను. ఇక నా సంగతి చెబుతాను.

నేను ఎయిర్‌పోర్టు పక్కన సరుకులు పంపే ఒక కంపెనీలో హెల్ప్‌డెస్క్‌లో పని చేసేదాన్ని. గోదాములో స్కానర్ మొరాయించినా, మేనేజరు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నా ఫోనే మోగేది. మా గదికీ పక్క గదికీ మధ్య అద్దం గోడ. అద్దానికి అవతల సెక్యూరిటీ టీము. కంపెనీ కంప్యూటర్లలోకి బయటివాళ్ళు ఎవరైనా దూరుతున్నారేమో చూస్తూ ఉండటం వాళ్ళ పని. ఆ గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఏడాది లోపల ఫలానా సైబర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్ తెచ్చుకున్నవాళ్ళకే ఆ కుర్చీ అన్నారు. రెండు ప్రయత్నాలకు కంపెనీ ఒప్పుకుంది. మూడోది లేదు. రాకపోతే ప్రింటర్‌లో కాగితాలు తీస్తూనే ఉండాలి.

ఆ పరీక్షలో ప్రశ్నపత్రం ఉండదు. దూరంగా ఎక్కడో ఉన్న కొన్ని కంప్యూటర్లు మన ముందు పెడతారు. మెషీన్లు అంటారు వాటిని. ఒక్కొక్కటీ తాళం వేసిన ఇల్లు లాంటిది. లోపలికి వెళ్ళే దారి ఎక్కడుందో మనమే కనిపెట్టాలి. అన్నీ తెరుచుకోకపోయినా, చాలావరకు తెరిస్తే చాలు. కనిపెట్టాక, ఆ దారిని ఎలా మూసేయాలో మర్నాడు వివరంగా రాసి పంపాలి. పొద్దున మొదలైతే పొద్దుగూకే దాకా సాగుతుంది. ఇంట్లో కూర్చునే రాయొచ్చు గానీ, కెమెరాలోంచి ఎవరో ఒకరు మనల్ని చూస్తూనే ఉంటారు. గదిలోకి మరో మనిషి రాకూడదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. పాఠాలు చెప్పే ఇంగ్లీషు వీడియోల్లో వాళ్ళు మాట్లాడే వేగానికి ప్రతి వాక్యం దగ్గరా ఆపి వెనక్కి పోయేదాన్ని. నల్లటి తెర మీద ఆ చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటే, “ఏం కావాలి నీకు ఇక్కడ?” అని అడుగుతున్నట్టుండేది. సాధన మొదలుపెట్టాలని కూర్చుని ముందు కీబోర్డు తుడిచేదాన్ని. తరువాత బల్ల తుడిచేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆ బల్లంత శుభ్రమైన వస్తువు మరొకటి లేదు.

అద్దం అవతలి గదిలో ఒక సీనియర్ ఉండేవారు. గోదావరి వైపు మనిషి. ఎంత గట్టి మాటైనా మెత్తగా అంటారు. ఒకరోజు క్యాంటీన్ వరసలో నా వెనక నిలబడి అడిగారు.

“మీరు కూడా రాస్తున్నారటగా?”

“అవును సార్.”

“మంచిదేనండీ. కాకపోతే, ఏమీ అనుకోకండి, అది కంఠతా పడితే వచ్చేది కాదు. మా బ్యాచ్‌లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నవాళ్ళే చేతులెత్తేశారు.”

“నేను కంఠతా పడుతున్నట్టు మీకెట్ల తెలుసు సార్?”

“ఫోన్ పెట్టేశాక మీ పెదాలు కదులుతుంటాయండీ. అద్దంలోంచి చక్కగా కనబడుతుంది.”

నాకు చెవులు వేడెక్కాయి. ఆయన అన్నది నిజం. ఆదివారపు బడిలో బైబిలు వాక్యాల పోటీలకు తయారైనట్టే కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలన్నీ వరసగా వల్లెవేస్తున్నాను. నాకు తెలిసిన చదువు అదే. ఇక ఆయన కంటబడకుండా నోరు మూసుకుని చదవడం మొదలుపెట్టాను గానీ, ఆయనను ఒక్క సందేహమూ అడగలేదు. అడిగితే నాకేమీ రాదని తెలిసిపోతుందని భయం.

ఇంట్లో అమ్మ భయం వేరు. కాటేదాన్‌లో బిస్కెట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ నా తెర వైపు అనుమానంగా చూసేది.

“ఏం చదువు ఇది? ఎప్పుడు జూసినా నల్లగనే ఉంటది.”

“వేరేవాళ్ళ కంప్యూటర్లకు ఎట్ల దూరొచ్చో నేర్సుకుంటున్నమ్మా.”

“దొంగతనమా?”

“దొంగలు రాకుండ జేసెతందుకే.”

“గట్లైతే తాళమేసుడు నేర్సుకో. తీసుడెందుకు?”

అమ్మ అంతటితో ఊరుకోలేదు. సాతంరాయిలో మా మందిరానికి పోయి పాస్టరుగారినే అడిగింది. ఆయన జవాబు చెప్పబోయే లోపల నెత్తిమీద విమానం దిగింది. మా మందిరంలో ప్రసంగమైనా పాటైనా విమానం దిగేదాకా ఆగవలసిందే. అది పోయాక ఆయన అన్నారు, “దొంగ యాడికెల్లి వస్తడో ఎర్కలేని కావలోడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చదువుకోనియ్యమ్మా.”

అమ్మకు ధైర్యం వచ్చింది. ఎంత ధైర్యం వచ్చిందంటే, ఆ వచ్చే ఆదివారమే లేచి నిలబడి, నన్నొక మాటైనా అడక్కుండా సంఘమంతటికీ ప్రార్థన మనవి చెప్పింది. “నా బిడ్డ దొంగల పరీక్ష రాస్తున్నది. యాది పెట్టుకోండ్రి.” ఆ తరువాత శంషాబాద్ బస్టాపులో కూడా “దొంగల పరీక్ష ఎప్పుడు?” అని అడిగేవాళ్ళు తయారయ్యారు. ఒక మనిషి భయపడితే దాచుకోవచ్చు. సంఘమంతా మన కోసం ఉపవాసం ఉంటున్నప్పుడు ఎక్కడ దాచుకుంటాం?

మొదటిసారి పరీక్ష రోజు గది తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. బల్ల కిటికీ పక్కనే ఉంది. గల్లీ వైపు కిటికీ, ఊచలున్నది. ఇంకా మొదటి మెషీను చుట్టూ తిరుగుతుండగానే బయట గొంతులు వినిపించాయి. ఆ గొంతుల్లో ఒకటి పెద్దమ్మది. ఆమె మాకు చుట్టం కాదు. సంఘమంతా ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తుంది. అమ్మ పక్కన ఏళ్ళ తరబడి ప్యాకింగ్ పని చేసి మానేసింది. ఫ్యాక్టరీలో మిషన్ల మోత మీద మాట్లాడీ మాట్లాడీ ఆమె గుసగుస కూడా గల్లీ చివరికి వినబడుతుంది.

“లేవకు బిడ్డా. మనుషులు లోపటికి రావద్దన్నరంట. మేము రాము.”

ఆ మాట పూర్తి కాకముందే ఊచల మధ్య నుంచి నూనె రాసిన చెయ్యి వచ్చి నా నెత్తిమీద పడింది. వెనక ఇద్దరు అక్కలు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు.

“పెద్దమ్మా, కెమెరా ఉన్నది! చూస్తున్నరు!”

“చూడనీ. మేము రాలే గద, చెయ్యొక్కటే వచ్చింది.”

తెర మీద అక్షరాలు కనబడ్డాయి. గదిలో ఇంకొకరు ఉన్నారు, పరీక్ష ఆపుతున్నాం, గది నాలుగు వైపులా చూపించండి అని. ల్యాప్‌టాప్ ఎత్తుకుని గోడలు చూపించాను, మంచం కింద చూపించాను, కిటికీ చూపించాను. కిటికీలో పెద్దమ్మ చెయ్యి ఊపింది. ఆ చేతిలో సీసా ఏమిటని ఆ కనబడని మనిషి అడిగారు. ప్రార్థన నూనె అని ఇంగ్లీషులో రాయడానికి నాకు చెమటలు పట్టాయి. కాసేపటికి, దయచేసి ద్రవాలను దూరంగా ఉంచండి అని జవాబు వచ్చింది. పరీక్ష మళ్ళీ మొదలైంది.

ఆ పరీక్ష పోయింది.

ఫలితం తెలిసినరోజు అమ్మ నూనె సీసాను తిట్టింది. ఆ మాట సంఘంలో పాకింది. ఎప్పుడూ ముందు చాపమీద కూర్చునే పెద్దమ్మ ఆ ఆదివారం వెనక, చెప్పులు విడిచేచోట గోడకానుకుని కూర్చుంది. పాటలో ఆమె గొంతు వినబడలేదు. ఆమె గొంతు లేకపోతే మా మందిరంలో పాటకు వెన్నెముక ఉండదు. నాకు ఆరోజు వాక్యం చెవికెక్కలేదు. కూటం అయిపోయేసరికి ఆమె వెళ్ళిపోయింది. నేను వెతుక్కుంటూ బుద్వేల్‌లో వాళ్ళింటికి పోయాను.

“వందనాలు పెద్దమ్మా.”

“వందనాలు. కూసో. నూనె సంగతి అడగనీకొచ్చినవా?”

“నూనెతోని పోలేదు పెద్దమ్మా. నాతోనే పోయింది.”

“నన్ను సముదాయించకు.”

“నిజం. మీ చెయ్యొచ్చినందుకు పావుగంట గూడ పోలే. నేను ఒక్క మెషీను కాడనే కూసున్న. అది తెరుచుకోలే. వదలబుద్ధి గాలే. ఇగ జర, ఇగ జర అనుకుంట పొద్దుగూకేదాక దానితోనే కొట్లాడిన.”

“మరి మిగిలినయి?”

“ముట్టుకోలే.”

“ముట్టుకోలేదా! అండ్ల సులువైనయి గూడ ఉండొచ్చు గద?”

“ఉండె. తరువాత తెలిసింది.”

ఆమె గట్టిగా నవ్వింది. పక్కింటావిడ ఏమైందని తొంగి చూసింది.

“నిన్ను గొలుసు ప్రార్థనల పెట్టలే ఎన్నడు, అందుకే. చిన్నపిల్లవని ఊకున్నం.”

గొలుసు ప్రార్థన అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. సంఘంలో ఎవరికైనా పెద్ద కష్టం వస్తే, ఒక్కొక్క ఇంటివాళ్ళు ఒక్కొక్క గంట తీసుకుంటారు. తమ ఇంట్లోనే మోకరిస్తారు. గంట కాగానే తరువాతి ఇంటికి ఫోన్ కొట్టి, లేస్తారు. ప్రార్థన తెగకుండా ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోతుంది. ఇంతవరకు నాకూ తెలుసు. తెలియనిది పెద్దమ్మ చెప్పింది.

“గంట అయినంక లేవాలె. నీ ప్రార్థన ఒడిసిందా లేదా అని జూడొద్దు. నా కొడుకు దవాఖానల ఉన్నప్పుడు గొలుసు పెట్టిన్రు. నాకు గూడ ఒక గంట ఇచ్చిన్రు. గంట ఒడిసింది. నేను లేవలే. నా కొడుకు గద, నేను లేస్తే వాడు పోతడేమో అని భయం. అప్పుడు మా అత్త వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చింది. ‘లే. నువ్వొక్కదానివే మోస్తున్నవా? నువ్వు లేవకుంటే ఎనకామె ఎట్ల కూసుంటది?’ అన్నది.”

“లేచిన్రా?”

“లేచిన. ఏడ్సుకుంట లేచిన. పొయ్యి ముట్టించిన, బియ్యం కడిగిన. మల్ల నా వంతు వచ్చినప్పుడు కూసుంటే, ముందల రాని మాటలు వచ్చినయి. లేవకుండ కూసుంటే భక్తి అనుకున్న. అది భయం బిడ్డా. వదిలితే చేతులకెల్లి పోతదన్న భయం.”

“అన్న బతికిండు గద.”

“బతికిండు. ఇప్పుడు నా మీదనే ఒర్రుతడు. ఇగ చాయ్ తాగు.”

ఆ చాయ్ తాగుతుండగా నాకు నా పరీక్ష కనబడింది. మొండిగా కూర్చోవడమే పట్టుదల అనుకున్నాను. ఆ తెర ముందునుంచి లేస్తే ఓడిపోయినట్టేనని, అద్దం అవతలివాళ్ళు నవ్వుతారని, అందుకే ఒక్క తలుపునే పట్టుకుని వేలాడాను. నన్ను బెదిరించింది ఆ మెషీను కాదు.

మరునాటి నుంచి సాధన మార్చాను. డ్యూటీకి వెళ్ళే ముందు ఒక మెషీను తెరిచేదాన్ని. గంటకు మించి దానిమీద ఉండేదాన్ని కాదు. దారి దొరికినా దొరక్కపోయినా లేచి, ముఖం కడుక్కుని, రెండోది పట్టుకునేదాన్ని. మొదట్లో లేవడం చాలా కష్టంగా ఉండేది. ఇంకొక్క నిమిషంలో దొరుకుతుందనే అనిపించేది. అలా అనిపించిన ప్రతిసారీ పెద్దమ్మ అత్తగారిని తలుచుకునేదాన్ని.

ఇంకో పని కూడా చేశాను. అద్దం తలుపు తోసి ఆ సీనియర్ దగ్గరికి పోయాను.

“సార్, నాకొకటి అర్థం కాలే. మీరు చెప్తే బాగుండు.”

ఆయన కళ్ళజోడు తీసి చూశారు. “మళ్ళీ రాస్తున్నారా?”

“రాస్తున్న సార్.”

“ఏమిటి అర్థం కానిది?”

అడిగాను. ఆయన మొదట ఒక్క ముక్కలో చెప్పారు. మళ్ళీ అడిగాను. అన్నం డబ్బా పక్కకు జరిపి కాగితం మీద గీసి చెప్పారు. అప్పటికీ రాకపోతే మూడోసారి అడిగాను. “మీరు వదిలే రకం కాదండీ,” అన్నారు. వదలడం నేర్చుకుంటున్నానని ఆయనకు చెప్పలేదు. వెళ్ళబోతుంటే అన్నారు, “అయినా కష్టమేనండీ అది. ముందే చెబుతున్నా.”

“కష్టమే సార్,” అన్నాను. భయం లేదని కాదు, ఉంది. కాకపోతే ఈసారి దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే పని చేస్తున్నాను.

రెండోసారి పరీక్షకు పేరు ఇచ్చాక, ఎవరికీ చెప్పకుండా రాసి వద్దామని ఒక ఆలోచన వచ్చింది. పోతే సంఘం ముందు మళ్ళీ తల దించుకోవాలి కదా. రెండు రోజులు అలా అనుకుని, ఆదివారం నేనే లేచి ప్రార్థన మనవి చెప్పాను. మళ్ళీ ముందు చాపమీదికి వచ్చిన పెద్దమ్మ వెనక్కి తిరిగి సంఘానికి ఆజ్ఞ జారీ చేసింది.

“ఈసారి ఎవ్వరు గా గల్లీల కాలు పెట్టొద్దు. ఎవరింట్ల వాళ్ళే. గొలుసు పెడుతున్నం. ఫోన్లు ఛార్జింగ్ చేసుకోండ్రి.”

“చెయ్యి గూడ పెట్టొద్దా పెద్దమ్మా?” అని ఎవరో అన్నారు. మందిరమంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

పరీక్ష రోజు అమ్మ సెలవు పెట్టి గల్లీలో కిటికీకి ఎదురుగా కుర్చీ వేసుకుంది. గ్యాస్ బండ తెచ్చినాయనను కూడా మాట్లాడనివ్వకుండా చేతితోనే పంపేసిందని తరువాత తెలిసింది.

మొదటి మెషీను పోయినసారి లాంటిదే వచ్చింది. ముందు ఒక పెద్ద తలుపు, పేరూ పాస్‌వర్డూ అడిగేది. తెలిసినవన్నీ ప్రయత్నించాను. గంట దగ్గరపడింది. వేళ్ళు వదలనన్నాయి. ఇప్పుడు లేస్తే మొదటి అడుగులోనే ఓడినట్టు కాదా అనిపించింది. ఎక్కడో ఒక వంటింట్లో ఒక అక్క ఇప్పుడే మోకాళ్ళమీదినుంచి లేచి, ఫోన్ తీసి తరువాతి అక్కకు కొడుతుంటుంది. ఆమె ప్రార్థన కూడా ముగిసి ఉండదు. ఆమె లేస్తుంది. నేనూ లేచాను. నిలబడి నీళ్ళు తాగి, ఆ మెషీనును అలాగే మూసి ఉంచి, రెండోదానికి పోయాను.

రెండోది లొంగింది. మూడోది సగం దాకా వచ్చి ఆగింది. దాన్నీ వదిలాను. మధ్యాహ్నం ఒక గడ్డు కాలం వచ్చింది. వరసగా ఏదీ కదలలేదు. పోయినసారి లాగే అంతా చీకటిగా అనిపించింది. ప్రభువా, ఈ గంట నాది, తరువాతి గంట నీ చేతిలో ఉంది అని మనసులోనే అనుకున్నాను, పెదాలు కదపకుండా. కదిపితే కెమెరా మనిషి మళ్ళీ అడుగుతారు.

మళ్ళీ మొదటి మెషీను వంతు వచ్చింది. పొద్దున చూసినదే, కానీ ఏదో కొత్త గల్లీలోకి వచ్చినట్టు చూశాను. పెద్ద తలుపు పక్కన ఉద్యోగులు ఫొటోలు పెట్టుకునే ఒక చిన్న పేజీ ఉంది. పొద్దున దాన్ని చూసి, ఫొటోలే కదా అని దాటిపోయాను. ఫొటో బదులు నా ఆజ్ఞలు రాసిన ఫైలు పంపితే కూడా తీసుకుంటుందా అని ఇప్పుడు అడిగి చూశాను. తీసుకుంది. ఆ చిన్న సందులోంచి లోపలికి పోయాను. స్తోత్రం అని గట్టిగా అరవబోయి రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

మిగిలినవి కూడా వంతులవారీగా లొంగాయి గానీ, ఒక మెషీను చివరిదాకా తెరుచుకోలేదు. దాన్ని మూసినట్టే వదిలి, సమయం కాగానే లేచాను. మర్నాడంతా కూర్చుని, ఏ దారిన పోయానో, ఆ దారిని ఎలా మూయాలో రాసి పంపాను. కొన్నాళ్ళకు ఉత్తీర్ణురాలినని కబురు వచ్చింది. అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. ఆఫీసులో ఆ సీనియర్ లేచి వచ్చి, “కష్టమన్నాను. అబద్ధం చెప్పలేదు కదండీ?” అన్నారు. “చెప్పలే సార్,” అన్నాను. ఖాళీ కుర్చీని ఆయనే నా వైపు తిప్పారు.

మందిరంలో, జరిగిన మేలు అందరి ముందు సాక్ష్యంగా చెప్పమన్నారు. ఒక మెషీను నాకు తెరుచుకోలేదని కూడా చెప్పాను.

“అది గూడ చెప్పాల్నా బిడ్డా?” అంది పెద్దమ్మ.

“చెప్పాలె పెద్దమ్మా. అది గూడ అయ్యింది గద.”

ఇప్పుడు సెక్యూరిటీ గదిలో, అద్దానికి ఇవతల పని చేస్తున్నాను. హెల్ప్‌డెస్క్‌లో నా చోటికి ఒక చెల్లె వచ్చింది. ఇక్కడే పక్క ఊళ్ళో రైతు కుటుంబం. పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక మళ్ళీ ఉద్యోగంలో చేరింది. మా మందిరం మెట్లు ఎన్నడూ ఎక్కలేదు. మొన్న క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని, “అక్కా, నేను గూడ అదే పరీక్ష రాస్తున్న. భయమైతున్నది. మీ వాళ్ళతోని నాకు గూడ ఒక రోజు ప్రార్థన చెప్పిస్తరా?” అని అడిగింది. చెప్పిస్తానన్నాను. ఆమె రోజు దగ్గరపడుతోంది.

అందుకని, ఇది చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఏ ఊళ్ళో ఉన్నా సరే, పుస్తకం పక్కన పెట్టే ముందు నాతోపాటు ఈ కాస్త మాట కలపండి. దేవా, ఆ చెల్లెను బెదరనివ్వకు. తెరుచుకోని తలుపును ద్వేషించకుండా వదిలే బలం ఆమెకు ఇవ్వు. మళ్ళీ దాని దగ్గరికి పోయే ధైర్యమూ ఇవ్వు. ఆమె కూర్చున్నంతసేపూ ఆమె కోసం అడిగేవాళ్ళు ఎక్కడో ఒకచోట మెలకువగా ఉండేలా చూడు. ఇవాళ ఆ అడిగేవాళ్ళలో మమ్మల్ని లెక్కించు.